చిలికా నీళ్ళ సూక్ష్మజీవుల పరిశోధన, బయోఇన్ఫర్మాటిక్స్ పాఠం: రెండూ ఒకే క్లాసులో నడపగలమా?

రంభ_రేవు (బరంపురం)

అందరికీ నమస్కారం. మాది బరంపురం. ఇక్కడ ఎమ్మెస్సీ పిల్లలకి బయోఇన్ఫర్మాటిక్స్ పేపర్, అంటే డీఎన్ఏ లాంటి జీవుల డేటాని కంప్యూటర్‌తో విశ్లేషించడం, చెబుతున్నాను. నా పీహెచ్‌డీ మాత్రం ఒడిశా తీరంలోని చిలికా సరస్సు దక్షిణ భాగంలో, అంటే రంభ వైపు నీళ్ళలో బతికే బాక్టీరియా మీద. ఆరేళ్ళుగా ఈ రెండూ రెండు వేరే ఉద్యోగాల్లాగే చేస్తున్నాను. వారమంతా క్లాసులో బ్లాస్ట్ (డీఎన్ఏ వరుసకి పోలికలు వెతికే ప్రోగ్రాం) ఎలా నడపాలి, అలైన్‌మెంట్ (వరుసల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం) అంటే ఏమిటి అని చెప్పడం. ఆదివారం తెల్లారకుండా బస్సెక్కి రంభ వెళ్ళి, పడవ మాట్లాడుకుని, నీళ్ళు పట్టుకుని రావడం. ఒకదాని సంగతి రెండోదానికి తెలియదు.

మొన్న ఒక సంగతి జరిగింది. క్లాసులో ప్రాక్టీసు కోసం కైమ్ 2 అనే సూక్ష్మజీవుల డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే ట్యుటోరియల్ డేటా వాడుతున్నాం. ఇద్దరు మనుషుల పేగు, నాలుక, ఎడమ అరచేయి, కుడి అరచేయి, ఈ నాలుగు చోట్ల నుంచి ఐదు సార్లు తీసిన నమూనాలు అవి. ఒక అమ్మాయి లేచి అడిగింది: "మేడమ్, రెండు అరచేతులూ విడివిడిగా ఎందుకు తీశారు? వాళ్ళు ఆ రోజు చేతులు కడుక్కున్నారా?" చాలా మంచి ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. నమూనా తీసినప్పుడు నేను పక్కన లేను. అదే రంభ నీళ్ళ గురించి అడిగి ఉంటే ఆ రోజు గాలి ఎటు వీచిందో కూడా చెప్పగలిగేదాన్ని.

అప్పటి నుంచీ ఒకటే ఆలోచన. నా పరిశోధన నీళ్ళనే క్లాసుకి తెస్తే? పిల్లలే వచ్చి నీళ్ళు పట్టి, వడకట్టి, డీఎన్ఏ తీసి, సీక్వెన్స్ (డీఎన్ఏ అక్షరాల వరుస) వచ్చాక వాళ్ళే విశ్లేషిస్తే? క్లాసులో 22 మంది ఉన్నారు, కంప్యూటర్లు పదకొండు. ఇలాంటిది ఎవరైనా చేసి ఉంటే చెప్పండి. వద్దనిపిస్తే అది కూడా మొహమాటం లేకుండా చెప్పండి.

పర్లాకిమిడి_మాస్టారు (పర్లాకిమిడి, రిటైర్డ్ లెక్చరర్, వృక్షశాస్త్రం)

అమ్మా, తప్పకుండా చెయ్యి. ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పినవాడిగా ఒక్క మాట.

మా రోజుల్లో పిల్లల్ని మహేంద్రతనయ ఒడ్డుకి తీసుకెళ్ళి నాచు పట్టించేవాళ్ళం. వచ్చాక మైక్రోస్కోప్ కింద పెట్టి చూపించేవాళ్ళం. చూసేటప్పుడు పిల్లల కళ్ళు మెరిసేవి. తీరా రికార్డు రాసే వేళకి వాళ్ళు స్లైడులో కనపడింది గీసేవాళ్ళు కాదు, పుస్తకంలో ఉన్న స్పైరోగైరా బొమ్మ గీసేవాళ్ళు. దానికే మార్కులు పడేవి కనుక వాళ్ళని తప్పు పట్టలేం. తప్పు మాది. స్లైడులో విరిగిపోయిన పోగు కనపడితే విరిగిన పోగే గీయమని, దానికే ఎక్కువ మార్కులు వేస్తామని మేం చెప్పి ఉండాల్సింది.

నువ్వు మొదలుపెట్టబోయే పనికి కూడా ఈ ప్రమాదం ఉంది. మార్కులు దేనికి వేస్తావో ముందే తేల్చుకో. ఫలితం అందంగా వచ్చినందుకు వేస్తే పిల్లలు అందమైన ఫలితాలే తెస్తారు.

కోడ్_రాయగడ (సొంతూరు రాయగడ, ఇప్పుడు హైదరాబాద్)

మేడమ్, నేను జీవశాస్త్రం వాణ్ని కాదు, సాఫ్ట్‌వేర్. ఒక జీనోమిక్స్ (జీవుల డీఎన్ఏ మొత్తాన్ని చదివే) టీంలో డేటా పైప్‌లైన్లు, అంటే డేటాని మెట్టుమెట్టుగా విశ్లేషించే ప్రోగ్రాములు, రాస్తుంటాను. అందుకే వేరే కోణంలో అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి.

సీక్వెన్సింగ్‌కి డబ్బు పెట్టడం ఎందుకు? యూరోపియన్ న్యూక్లియోటైడ్ ఆర్కైవ్‌లో, అమెరికా వాళ్ళ ఎస్ఆర్ఏ అనే సీక్వెన్స్ భాండాగారంలో ప్రపంచంలోని సముద్రాలు, నదులు, సరస్సుల డేటా ఉచితంగా దొరుకుతుంది. సముద్ర పరిశోధన కోసం తారా ఓషన్స్ పడవ 2009 నుంచి 2013 దాకా తిరిగి సేకరించింది మొత్తం అందరికీ తెరిచే పెట్టారు. కంప్యూటర్ బలం చాలకపోతే గెలాక్సీ సర్వర్ ఉంది, బ్రౌజర్లోనే పని అయిపోతుంది. మీ పదకొండు కంప్యూటర్లలో ఎనిమిది జీబీ మెమొరీ ఉన్నా చాలు. ఒక్కో నమూనా నుంచి పదివేల రీడ్లు (మెషీన్ చదివిన డీఎన్ఏ ముక్కలు) మాత్రం తీసుకుని పని చేయిస్తే గంట క్లాసులో ఫలితం చూడొచ్చు. ఉన్న డబ్బుతో ఇంకో నాలుగు కంప్యూటర్లు కొనండి. విశ్లేషణ నేర్పడానికి నీళ్ళు తడవాల్సిన పని లేదని నా అభిప్రాయం.

సూక్ష్మ_లోకం (సొంతూరు ఛత్రపురం, పోస్ట్‌డాక్, జల సూక్ష్మజీవావరణం)

ఈ చర్చలో సబ్జెక్టు కొత్తవాళ్ళు కూడా ఉన్నట్టున్నారు. వాళ్ళ కోసం కొంచెం నేపథ్యం చెబుతాను.

ఒక మిల్లీలీటరు సముద్రపు నీటిలో, అంటే ఇరవై చుక్కల్లో, సుమారు పది లక్షల బాక్టీరియా ఉంటాయి. వైరస్‌లు అంతకు పది రెట్లు. మైక్రోస్కోప్‌లో లెక్కపెడితే అన్ని కనిపిస్తాయి, కానీ ప్లేటు మీద పెంచితే వాటిలో నూటికి ఒకటి కూడా పెరగదు. ఈ తేడాకి 1985లో స్టేలీ, కొనోప్కా పేరు పెట్టి చర్చించారు. పెరగనివాటిని ఎలా గుర్తుపట్టాలి? 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ రైబోసోమ్‌లోని (కణంలో ప్రొటీన్లు తయారుచేసే భాగంలోని) ఒక ఆర్ఎన్ఏ ఆధారంగా జీవుల చుట్టరికం చెప్పొచ్చని చూపించారు. ఆ ఆర్ఎన్ఏకి చెందిన 16ఎస్ జీన్ పొడవు దాదాపు 1,500 అక్షరాలు. దాంట్లో తొమ్మిది చోట్ల జాతిని బట్టి అక్షరాలు బాగా మారతాయి. మిగతా చోట్ల అందరిలోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. మారని చోట ప్రైమర్‌కి (ఆ జీన్‌ని పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్కకి) పట్టు దొరుకుతుంది, మారే చోట పేరు దొరుకుతుంది. నీళ్ళని 0.22 మైక్రాన్ల ఫిల్టర్ గుండా పంపి, దాని మీద చిక్కినవాటి డీఎన్ఏ తీసి, ఈ జీన్ ముక్కని పీసీఆర్‌తో (డీఎన్ఏ ముక్కకి కోట్ల నకళ్ళు తీసే పద్ధతితో) పెంచి చదివిస్తే, అందులో ఎవరెవరున్నారో జాబితా వస్తుంది.

ఆ జాబితా ఎంత నమ్మొచ్చు అన్నదే అసలు పాఠం. రంభ_రేవు గారూ, ఒక్క సంగతి మర్చిపోకండి: ప్రతి ట్రిప్పులోనూ ఖాళీ నమూనా ఒకటి పెట్టండి. శుద్ధమైన నీళ్ళు పడవలోకి తీసుకెళ్ళి అదే సిరంజితో, అదే ఫిల్టర్‌తో వడకట్టించండి. దాని డీఎన్ఏ కూడా మిగతావాటితో పాటే పంపండి.

రంభ_రేవు

కోడ్_రాయగడ గారూ, ఏమీ అనుకోలేదు. మా డిపార్ట్‌మెంట్‌లో కూడా ఇదే మాట వినపడింది. మీకు జవాబుగా నా పీహెచ్‌డీలో జరిగినవి రెండు చెబుతాను.

మొదటి ఏడాది నమూనాలన్నీ ట్యూబుల్లో వేసి, మూతల మీద మార్కర్ పెన్నుతో పేర్లు రాసి పెట్టెలో సర్దాను. దారిలో ఒక ట్యూబ్ కారి ఆల్కహాల్ అన్నిటికీ అంటుకుంది. ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే మూతల మీద నీలం మరకలు తప్ప ఏమీ లేవు. పదహారు నమూనాలు పోయాయి. ఆ రోజు నుంచి పెన్సిల్‌తో చిన్న కాగితం ముక్క మీద రాసి ట్యూబ్ లోపల వేస్తాను. పెన్సిల్ రాత ఆల్కహాల్‌కి చెరగదు.

రెండోది, సూక్ష్మ_లోకం గారు చెప్పిన ఖాళీ నమూనా సంగతి. రెండో ఏడాది ఫలితాల్లో బ్రాడీరైజోబియం కనిపించింది. వేరుశనగ వేళ్ళ బుడిపెల్లో ఉండి నత్రజనిని పట్టే బాక్టీరియా అది. ఉప్పునీటి సరస్సులో అదేమిటి అని ఆశ్చర్యపోయాను. చుట్టూ ఉన్న పొలాల నుంచి కొట్టుకొచ్చిందని రెండు పేజీలు రాసేశాను కూడా. చివర్లో ఖాళీ నమూనా ఫలితం తెరిచి చూస్తే అందులోనూ అదే ఉంది, చిలికా నీళ్ళకంటే ఎక్కువ శాతంలో. డీఎన్ఏ తీసే కిట్ ద్రవాల్లోంచి వచ్చింది అది. ఇలా కిట్లలో దాక్కునే బాక్టీరియాల పేర్లు 2014లోనే ఒక పెద్ద జాబితాగా అచ్చయ్యాయి. నేను చూసుకోలేదు. రెండు పేజీలూ కొట్టేశాను.

డౌన్‌లోడ్ చేసిన డేటాతో పని చేస్తే ఈ అనుమానం పుట్టదండీ. ఎవరో శుభ్రం చేసి పెట్టిన పట్టిక వస్తుంది, మన పిల్లలు దాన్ని నిజమని తీసుకుంటారు. సిరంజి పట్టుకున్న చెయ్యికే అనుమానం వస్తుంది: "నేను గ్లౌజు మార్చానా?" ఆ ప్రశ్న పిల్లలకి రావాలన్నది నా ఆశ.

గుణుపురం_గూడు (గుణుపురం)

మేడమ్, మీ మాటలు చదువుతుంటే ఆనందంగా ఉంది, బాధగానూ ఉంది. నేను గెస్ట్ ఫ్యాకల్టీని. మా దగ్గర ఫిల్టర్లు లేవు, పీసీఆర్ మెషీన్ లేదు, బడ్జెట్ మాట ఎత్తలేను. పక్కనే వంశధార పారుతోంది. నాలాంటివాళ్ళు ఏం చెయ్యొచ్చు?

ప్రాణహిత_ఒడ్డు (సిరోంచ, గడ్చిరోలి జిల్లా)

గుణుపురం_గూడు గారికి నేను చెబుతాను, మా పరిస్థితీ అదే. మాది మహారాష్ట్ర చివర, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, పరీక్ష ఇంగ్లీషు. సీక్వెన్సింగ్ మా వల్ల కాదు. అందుకని ఆర్కైవ్ డేటానే వాడతాం, కానీ ముందు నదికి వెళ్ళొస్తాం.

ఖర్చు లేని పనులు కొన్ని ఉన్నాయి. తెలుపు నలుపు రంగులేసిన పళ్ళెం తాడుకి కట్టి నీళ్ళలోకి దింపి, అది కనపడకుండా పోయే లోతు కొలుస్తాం. ఉష్ణోగ్రత, పీహెచ్ చూస్తాం. ఎక్కడ నిలబడ్డామో ఫోన్లో అక్షాంశ రేఖాంశాలు రాసుకుంటాం. ఆ తర్వాతే ఆర్కైవ్‌లోకి వెళ్ళి వేరే నదుల నమూనాలు తెరుస్తాం. అప్పుడు పిల్లలు మొట్టమొదట సీక్వెన్స్ చూడరు, మెటాడేటా (నమూనా ఎక్కడ, ఎప్పుడు, ఎలా తీశారన్న వివరాలు) చూస్తారు. "సార్, వీళ్ళు లోతు రాయలేదు. సార్, తేదీ లేదు. సార్, నీళ్ళ వేడి ఎంతో లేదు." నది దగ్గరికి వెళ్ళకముందు ఇదే పట్టిక చూపిస్తే ఒక్కరూ నోరు తెరవలేదు.

పోయిన ఏడాది ఒకబ్బాయి మా సిరోంచ అక్షాంశ రేఖాంశాల్ని తారుమారుగా ఎక్కించాడు. 18.8, 79.9 రాయాల్సింది 79.9, 18.8 రాశాడు. మ్యాపులో చుక్క ఉత్తర ధ్రువం దగ్గర స్వాల్బార్డ్ మంచు దీవుల్లో పడింది. ఆ మ్యాపుని ప్రింటు తీసి గోడకి అంటించాం. ఆ తర్వాత ఎవరు ఏ నమూనా తెరిచినా ముందు చుక్క ఎక్కడ పడిందో చూస్తున్నారు.

కోడ్_రాయగడ

రంభ_రేవు గారి వేరుశనగ బాక్టీరియా సంగతి, ఇప్పుడు ఈ స్వాల్బార్డ్ సంగతి చదివాక నా మాట మార్చుకుంటున్నాను. మా ఆఫీసులో మేం తినే దెబ్బల్లో సగం ఇలాంటివే. ప్రోగ్రాం తప్పు ఉండదు, ప్రోగ్రాంకి ఇచ్చిన పట్టికలో తప్పుంటుంది.

సరే, కంప్యూటర్ వైపు నుంచి నేను చేయగలిగింది చేస్తాను. కోడింగ్ అంటే భయపడే జీవశాస్త్రం పిల్లలకి నేను ఎలా మొదలుపెడతానో చెబుతాను. కమాండ్లు తర్వాత. ముందు ఒక్క రీడ్‌ని కాగితం మీద ప్రింటు తీసి ఇస్తాను. ఫాస్ట్‌క్యూ (సీక్వెన్సింగ్ మెషీన్ ఇచ్చే) ఫైల్లో ఒక రీడ్ అంటే నాలుగు వరుసలు. మొదటిది పేరు. రెండోది అక్షరాలు. మూడోది ఒక ప్లస్ గుర్తు. నాలుగోది చూస్తే పిచ్చిగీతల్లా ఉంటుంది: ప్రశ్నార్థకాలు, హ్యాష్ గుర్తులు, అంకెలు. అందరూ దాన్ని దాటేస్తారు. పాఠమంతా అందులోనే ఉంది.

నాలుగో వరుసలో ప్రతి గుర్తూ దాని పైనున్న అక్షరాన్ని మెషీన్ ఎంత నమ్మకంతో చదివిందో చెబుతుంది. ప్రతి గుర్తుకీ కంప్యూటర్లో ఒక నంబరు ఉంటుంది. దాంట్లోంచి 33 తీసెయ్యాలి. ప్రశ్నార్థకం నంబరు 63, అంటే స్కోరు 30, వెయ్యిసార్లు చదివితే ఒకసారి తప్పు. అంకె 5 కనిపిస్తే స్కోరు 20, వందకి ఒకటి తప్పు. హ్యాష్ కనిపిస్తే స్కోరు 2, ఆ అక్షరాన్ని అసలు నమ్మలేం. పిల్లల చేత పెన్సిల్‌తో యాభై అక్షరాలకి చేయిస్తే, రీడ్ చివరికి వచ్చేకొద్దీ స్కోర్లు పడిపోవడం వాళ్ళ కళ్ళతో వాళ్ళే చూస్తారు. "చివర ఎక్కడ కత్తిరించాలి?" అని వాళ్ళే అడుగుతారు. అప్పుడు డాడా2 (రీడ్లలో తప్పులు ఏరే ప్రోగ్రాం) తెరిస్తే అందులో కత్తిరించే సంఖ్య ఎందుకు అడుగుతోందో విడిగా చెప్పక్కర్లేదు.

శనివారం సాయంత్రాలు ఆన్‌లైన్‌లో ఒక గంట నేను ఇవ్వగలను. తెలుగులోనే చెబుతాను.

గోపాలపూర్_అల (బరంపురం, ఎమ్మెస్సీ విద్యార్థి)

నమస్కారం అండీ. నేను విద్యార్థిని, మేడమ్ గారి కాలేజీ కాదు. మాది గోపాలపూర్ పక్కన చేపలవాళ్ళ పేట. ఒడియావాళ్ళు మమ్మల్ని నోలియాలంటారు, ఇంట్లో మాది తెలుగే. రెండు విషయాలు అడగాలని ఉంది.

ఒకటి, మేం నీళ్ళు మోసి, వడకట్టి, రాత్రంతా డేటా నడిపితే ఆ పేపర్లో మా పేరు ఉంటుందా? ఇంతకుముందు ఒక ప్రాజెక్టులో మూడు నెలలు పనిచేశాను. పేపర్ వచ్చిందని తర్వాత వేరేవాళ్ళు చెబితే తెలిసింది. కృతజ్ఞతల్లో కూడా మా బ్యాచ్ మాట లేదు.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. మా నాన్న, బాబాయిలు సముద్రం మీద, చిలికా మీద బతుకుతారు. క్లాసులో ఎవరికో విబ్రియో అని ఫలితం వస్తుంది. విబ్రియో అంటే కలరా అని గూగుల్ చెబుతుంది. ఒక స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పడిందంటే రొయ్యలు కొనేవాడు ఉండడు. ఆ నష్టం మా ఇళ్ళకి వస్తుంది. దీనికి ఏం జాగ్రత్త తీసుకుంటారు?

సూక్ష్మ_లోకం

తమ్ముడూ, రెండో ప్రశ్న ఈ చర్చలో అందరికంటే ముందు మేం లేవనెత్తాల్సింది. ముందు దానికి జవాబు చెబుతాను.

విబ్రియోలు ఉప్పునీటిలో, ఉప్పునీరూ మంచినీరూ కలిసిన చోట సహజంగా బతికే పెద్ద కుటుంబం. చిలికాలో అవి లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. 16ఎస్ ముక్కతో ఇది విబ్రియో అని చెప్పగలం కానీ, ఏ జాతి అన్నది గట్టిగా చెప్పలేం. ఒకవేళ కలరా జాతే అయినా అందులో ఎక్కువ భాగం జబ్బు చేయవు. జబ్బు చేసే రకమా కాదా తేలాలంటే విషాన్ని తయారుచేసే జీన్ ఉందో లేదో విడిగా వెతకాలి. అది వేరే పరీక్ష. కాబట్టి మొదటి రోజే పిల్లలకి చెప్పాల్సిన నియమం: 16ఎస్ ఫలితం చూసి జబ్బు గురించి ఒక్క మాట కూడా అనకూడదు. పట్టికలో కుటుంబం పేరు దగ్గరే ఆగాలి.

ఇక్కడే ఒక మంచి పరిశోధన గుర్తొస్తోంది. రీటా కోల్వెల్, ఆవిడతో పనిచేసినవాళ్ళు కలరా బాక్టీరియా నీళ్ళలోని కోపిపాడ్లనే అతి చిన్న జీవుల ఒంటికి అంటుకుని ఉంటుందని చూపించారు. మరి ఆ జీవుల్ని వడకడితే? బంగ్లాదేశ్ పల్లెల్లో పాత చీరని నాలుగు మడతలకి తక్కువ కాకుండా వేసి నీళ్ళు వడకట్టమన్నారు. కలరా కేసులు దాదాపు సగానికి తగ్గాయి. 2003లో అచ్చైంది. కొత్త చీర కంటే పాత చీరే బాగా పనిచేస్తుంది, ఉతికి ఉతికి నూలు పోగులు వదులై కన్నాలు చిన్నవవుతాయి. నీటి సూక్ష్మజీవుల చదువు చేపలవాళ్ళ బతుకు చెడగొట్టడానికి కాదు, వాళ్ళ ఇంట్లో నీళ్ళ బిందెకి పనికి రావడానికి అని క్లాసులో చెప్పాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

రంభ_రేవు

గోపాలపూర్_అల, నీ మొదటి ప్రశ్నకి నేను చెప్పాలి. నీకు జరిగింది అన్యాయం. మా క్లాసులో మొదటి రోజే ఒక కాగితం మీద రాసి అందరం సంతకం పెడతాం. నమూనా తీసిన ప్రతివాళ్ళ పేరూ మెటాడేటా పట్టికలో ఒక గడిలో ఉంటుంది, డేటా ఆర్కైవ్‌లోకి వెళ్ళినప్పుడు ఆ గడి కూడా వెళుతుంది. విశ్లేషణలో, రాతలో పాలుపంచుకున్నవాళ్ళు పేపర్లో రచయితలు. ఒట్టి ప్రాక్టికల్‌గా చేసి వదిలేస్తాం అనేవాళ్ళకి ఆ హక్కూ ఉండాలి, మార్కులు తగ్గకూడదు.

రెండోదానికి సూక్ష్మ_లోకం గారు చెప్పిన నియమం అలాగే తీసుకుంటున్నాను. ఇంకోటి కలుపుతున్నాను: ఫలితాలు బయటికి వెళ్ళేముందు రంభ రేవులో పడవవాళ్ళకి, చేపలవాళ్ళకి తెలుగులో, ఒడియాలో చెప్పి వాళ్ళు ఏమంటారో వింటాం.

మీ అందరి మాటలూ నాలుగు రోజులుగా బుర్రలో తిరుగుతున్నాయి. నిన్న రాత్రి ఒకటి తట్టింది, అది చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

చిలికా ఒక్కరోజు ఉన్నట్టు ఇంకో రోజు ఉండదు. వానాకాలంలో ఉత్తరం నుంచి దయ, భార్గవి నదుల నీళ్ళు దిగి ఉప్పు పడిపోతుంది. ఎండాకాలంలో సముద్రం లోపలికి వస్తుంది. 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వాక సరస్సు మొత్తం మారిపోయింది, అంతకుముందు ప్రమాదంలో ఉన్న రామ్‌సర్ ప్రాంతాల (అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తించిన చిత్తడి నేలల) జాబితాలో ఉన్నది 2002లో బయటపడింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. ఇలాంటి నీటిని అర్థం చేసుకోవాలంటే ఒక్కసారి నమూనా తీస్తే చాలదు. అదే చోట, అదే పద్ధతిలో, ఏళ్ళ తరబడి తియ్యాలి. హవాయి దగ్గర, బెర్ముడా దగ్గర 1988 నుంచి ప్రతి నెలా వెళ్ళి తీస్తూనే ఉన్నారు. సముద్రం గురించి మనకి తెలిసినదాంట్లో చాలా భాగం ఆ ఓపిక వల్ల తెలిసిందే.

పీహెచ్‌డీ విద్యార్థికి ఆ ఓపిక సాధ్యం కాదు. కొన్నేళ్ళ తర్వాత ఫెలోషిప్ ఆగుతుంది, పడవ ఆగుతుంది. నా సొంత డేటా కూడా అక్కడే తెగిపోతుంది. కానీ క్లాసు ఆగదు కదా. ప్రతి ఏడాదీ కొత్త బ్యాచ్ వస్తుంది, ప్రతి ఏడాదీ అదే ప్రాక్టికల్ ఉంటుంది. సిలబస్ మారదని మనం ఎప్పుడూ విసుక్కుంటాం. ఈ పనికి మాత్రం మారకపోవడమే కావాలి. ఏటా అవే నాలుగు చోట్లు, అవే నెలలు, అదే పద్ధతి. పదేళ్ళు గడిస్తే పది బ్యాచ్‌లు చదువుకుంటాయి, చిలికా దక్షిణ భాగానికి పదేళ్ళ రికార్డు ఉంటుంది. ఈసారి తుపాను వస్తే, దాని ముందు నీళ్ళు ఎలా ఉన్నాయో చెప్పగలిగేది మా ఎమ్మెస్సీ పిల్లలే అవుతారు.

పర్లాకిమిడి_మాస్టారు

రెండుసార్లు చదివానమ్మా. నా కాలంలో ఈ ఆలోచన ఒక్కరికైనా వచ్చి ఉంటే మహేంద్రతనయ నాచుకి ముప్పై ఏళ్ళ లెక్క ఉండేది. మా రికార్డు పుస్తకాలన్నీ పాత కాగితాలవాడికి వెళ్ళిపోయాయి.

సూక్ష్మ_లోకం

ఆలోచన చాలా బాగుంది. అందుకే దీన్ని చెడగొట్టేవి ఏమిటో ఇప్పుడే చెప్పేస్తాను.

ప్రతి బ్యాచ్ చెయ్యి వేరు. కిట్ కంపెనీ మారుతుంది, సీక్వెన్సింగ్ మెషీన్ మారుతుంది. ఐదో ఏడాదిలో కనిపించే తేడా చిలికాదా, కిట్‌దా అని తేల్చలేకపోతే రికార్డు అంతా వృథా. కాబట్టి ప్రతి చోట రెండు ఫిల్టర్లు తియ్యండి, ఒకటి వాడండి, రెండోది డీప్ ఫ్రీజర్‌లో దాచండి. పాతవి తీసి కొత్త పద్ధతిలో మళ్ళీ చేయించే అవకాశం ఉంటుంది. తెలిసిన బాక్టీరియాలని తెలిసిన పాళ్ళలో కలిపిన మిశ్రమం దొరుకుతుంది, ప్రతి బ్యాచ్‌తో దాన్నీ పంపండి. ఏడాదికేడాది ఆ మిశ్రమం ఫలితం మారితే తప్పు నీళ్ళది కాదని తెలుస్తుంది.

ప్రైమర్ ఎంపిక మొదట్లోనే జాగ్రత్తగా చూసుకోండి. చాలామంది వాడిన ఒక ప్రైమర్ సముద్రంలో అతి ఎక్కువగా ఉండే ఎస్ఏఆర్11 అనే బాక్టీరియా గుంపుని సరిగ్గా పట్టుకోలేదు. 2015లో సరిచేశారు. పాత ప్రైమర్‌తో మొదలుపెట్టి మధ్యలో మార్చితే, ఆ ఏడాది ఎస్ఏఆర్11 ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తుంది.

ఇంకో సంగతి పిల్లలకి మరీ మరీ చెప్పాలి. వచ్చేవి శాతాలే, సంఖ్యలు కాదు. బుట్టలో పది బొమ్మిడాయిలు, పది రొయ్యలు ఉన్నాయనుకోండి. ఇంకో ఇరవై రొయ్యలు వేస్తే బొమ్మిడాయిల శాతం సగం నుంచి నాలుగో వంతుకి పడిపోతుంది. ఒక్క బొమ్మిడాయీ పోలేదు. "ఈ బాక్టీరియా తగ్గింది" అని రాసేముందు ఈ బుట్ట గుర్తురావాలి.

గుణుపురం_గూడు

మా పిల్లలు నిన్న వంశధారలో పళ్ళెం దింపారు. నలభై సెంటీమీటర్ల దగ్గర కనపడకుండా పోయింది. ప్రాణహిత_ఒడ్డు గారికి ధన్యవాదాలు.

రంభ_రేవు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మొదటి ట్రిప్పు అయింది.

22 మందిలో పదిహేడు మంది వచ్చారు. నలబన వైపు వెళ్ళలేదు, అది అభయారణ్యం, అక్కడ నమూనా తియ్యాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. రంభ చుట్టుపక్కలే నాలుగు చోట్లు ఎంచుకున్నాం. గోపాలపూర్_అల కూడా వచ్చాడు, వాళ్ళ నాన్నగారిని తీసుకుని. నీళ్ళ దగ్గరికి రాగానే ఆయన దోసిట్లోకి తీసుకుని నాలుక మీద వేసుకుని ఉమ్మేసి, "సముద్రంలో సగం కూడా లేదు" అన్నారు. ఒక అమ్మాయి రిఫ్రాక్టోమీటర్ (నీటిలో ఉప్పు కొలిచే పరికరం) గాజు మీద చుక్క వేసి వెలుతురుకి పెట్టి చూసింది. వెయ్యి పాళ్ళకి 14 పాళ్ళు ఉప్పు చూపించింది. సముద్రం 35. అందరూ ఆయన చుట్టూ చేరిపోయారు. మిగతా మూడు చోట్లా ముందు ఆయన చేత రుచి చూపించి, ఆ మాట రాసుకుని, తర్వాతే మీటర్ చూశాం. మెటాడేటా పట్టికలో దానికి కొత్త గడి పెట్టాం: "రుచి".

వడకట్టడం అనుకున్నంత తేలిక కాలేదు. లీటరు నీళ్ళు అని రాసుకెళ్ళాం. ఒడ్డు దగ్గర మూడు వందల మిల్లీలీటర్లకే ఫిల్టర్ గోధుమ రంగుకి తిరిగి బిగుసుకుపోయింది. ఒకబ్బాయి రెండు చేతులతో సిరంజి నొక్కుతున్నాడు, చుక్క దిగలేదు. ఇంకొంచెం గట్టిగా నొక్కితే పొర చిరిగిపోతుందని ఆపించాను. అప్పుడు వాళ్ళలో వాళ్ళకే వాదన: మిగతా మూడు చోట్లా లీటరు తియ్యాలా, అన్నిచోట్లా మూడు వందలే తియ్యాలా? అరగంట పడవలోనే వాదించుకున్నారు. నేను మాట్లాడలేదు. చివరికి అన్నిచోట్లా మూడు వందలే అని, ఎందుకో కారణం కూడా రాసి సంతకాలు పెట్టారు. ఆ కాగితానికి పది మార్కులు వేశాను, మాస్టారూ.

ఐస్ పెట్టె మధ్యాహ్నానికే ఖాళీ అయింది. రేవులో చేపల పెట్టెల్లో వేసే ఐస్ ఆ పడవాయనే తెచ్చిచ్చాడు, డబ్బు తీసుకోలేదు. ట్యూబులన్నిటిలోనూ పెన్సిల్ కాగితాలు ఉన్నాయి, నేను ఒక్కొక్కటీ చూశాను. ఖాళీ నమూనాలు రెండు. సీక్వెన్సింగ్‌కి పంపాం, రావడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా శనివారం కోడ్_రాయగడ గారి క్లాసు మొదలవుతుంది, ప్రింటు కాగితాలు, పెన్సిళ్ళు సిద్ధంగా ఉన్నాయి.

గోపాలపూర్_అల

మేడమ్, నాన్న అడగమన్నారు. వచ్చే నెల మనం వెళ్ళే రోజు అమావాస్య పడుతోంది. ఆ రోజు పోటు పెద్దది, పాలూరు కాలువ గుండా సముద్రపు నీళ్ళు ఎక్కువగా లోపలికి వస్తాయంటున్నారు. ఈసారి తీసినప్పుడు పోటు ఏ వేళకి ఉందో మనం రాసుకోలేదు. రోజు మార్చాలా, లేకపోతే అదే రోజు వెళ్ళి పోటు వేళ కూడా రాసుకోవాలా?

రంభ_రేవు

రోజు మార్చొద్దు. పట్టికలో ఇంకో గడి పెడుతున్నాను. మొదటి ట్రిప్పు రోజు ఏ వేళకి పోటు వచ్చిందో నాన్నగారికి గుర్తుంటే ఇవాళే అడిగి చెప్పు, రాసిపెడతాను.